కూలబడని వెర్షన్

చుక్కల గది, బడి మేడమీద,
జూలై 3.

తమ్ముడికి,

ఫోన్ చేయకు, రాసి పంపు అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫోన్‌లో నేను అరుస్తున్నానట, నీకు ఒక్క ముక్క అర్థం కావడం లేదట. సరే, కాగితం మీద అరుస్తాను.

మీ కంపెనీ తయారుచేసి మా బడి నెత్తిన పెట్టిన ప్రోగ్రామ్ ఈ వారంలో పంతొమ్మిది సార్లు కూలబడింది. కూలబడటం అంటే ఏమిటని మళ్ళీ అడగకు. బాగానే పని చేస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి తెర మీద చిన్న పెట్టె ఒకటి వచ్చి "క్షమించండి" అంటుంది. అంతే, మూసుకుపోతుంది, నేను చేసిన గంట పని గాలికి పోతుంది. ఆ "క్షమించండి" చూస్తే ఒళ్ళు మండిపోతోంది. తప్పు చేసేదీ అదే, మర్యాద ఒలకబోసేదీ అదే. మీ బావ వచ్చి, ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి చూడమన్నారు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే, ఫ్యానుకైనా కంప్యూటరుకైనా.

నా పనేమిటో ఇన్నేళ్ళకీ నీకు సరిగ్గా తెలియదు, కాబట్టి విను. మామూలు పాఠ్యపుస్తకాన్ని నేను కంప్యూటర్లో టైపు చేస్తాను. మీ ప్రోగ్రామ్ దాన్ని బ్రెయిల్ చుక్కలుగా మారుస్తుంది. చుక్కల ప్రింటరు వాటిని దళసరి కాగితం మీద పొడుస్తుంది. అప్పుడు మా వేళ్ళ మాస్టారు ప్రతి పేజీనీ వేళ్ళతో చదివి తప్పులు పడతారు. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు, ఓపికా లేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన వేళ్ళు తగలని పేజీ ఒక్కటి కూడా ఈ గది గుమ్మం దాటి పిల్లల చేతికి పోలేదు.

ఇప్పుడు చేస్తున్నది లెక్కల పుస్తకం. చూపున్న పిల్లలకి ఒక్క పుస్తకం, మాకు పదకొండు సంపుటాలు. ఇదంతా ఒక్క పిల్ల కోసం. పదిహేనేళ్ళది, ప్రతిదానికీ వాదన వేసుకుంటుందని అందరూ ప్లీడరు అంటారు. ఏడేళ్ళ తర్వాత మా బడిలో లెక్కలు తీసుకుంటానన్న పిల్ల ఇదొక్కతే. పై పరీక్షకి లెక్కలా, సంగీతమా అన్నది నవంబరు పదిహేనులోగా ఫారం నింపి ఇవ్వాలి. ఆ రోజు ఫారాలు పైకి వెళ్ళిపోతాయి, ఇక మార్చరు. పుస్తకం లేకపోతే దానికి సంగీతమే గతి. ఆ పిల్ల పాడగా ఒక్కసారి విన్నావంటే లెక్కల పుస్తకం నువ్వే భుజాన వేసుకుని తెచ్చిస్తావు.

మూడు సంపుటాలు అయ్యాయి. నాలుగోదాంట్లో పట్టికలు మొదలయ్యాయి, మీ మహానుభావుడు కూలబడటం మొదలుపెట్టాడు. బాగు చేసి పెట్టు. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి బాగు చేసి నాలుగు స్క్రూలు మిగిల్చినట్టు కాకుండా, సరిగ్గా.

నీ అక్క,
ఇంకా అరుస్తూనే.


ఆఫీసు, మూడో అంతస్తు,
జూలై 11.

అక్కకి,

ఉత్తరం అందింది. పంతొమ్మిది సార్లు కూలబడిందని రాశావు, బావగారి వైద్యం రాశావు, నా రేడియో రాశావు. పట్టికలు మొదలయ్యాక అన్నావే గానీ, సరిగ్గా ఏ పని చేస్తుంటే కూలబడిందో ఒక్కసారికి కూడా రాయలేదు. నేను అడిగింది అదొక్కటే. నీలాంటి వాళ్ళు రోజుకి ముప్ఫై మంది రాస్తారు మాకు, "పని చేయడం లేదు, బాగు చేయండి" అని. డాక్టరు దగ్గరికి వెళ్ళి "బాగా లేదు" అని చెప్పి, ఎక్కడ అంటే కోప్పడితే ఎలా?

రెండే ప్రశ్నలు. ఒకటి, పట్టికల్లోనే కూలబడుతోందా, మామూలు వాక్యాల్లో కూడానా? రెండు, అందరూ వాడే గుర్తులు కాక మీరు సొంతంగా పెట్టుకున్న గుర్తులేమైనా వాడుతున్నారా? ఆలోచించి చెప్పు.

నువ్వు ఆలోచించేలోపు తిడతావని తెలుసు కాబట్టి ఈ కవర్లో ఒక పెన్‌డ్రైవ్ పెడుతున్నాను. అందులో ఉన్నది మా కొత్త వెర్షన్, ఇంకా విడుదల కాలేదు. బీటా అంటారు. అంటే పొయ్యి మీద ఉండగా గరిటెతో రుచి చూడటానికి ఇచ్చేది, వడ్డించడానికి కాదు. పట్టికల్లో కూలబడటం ఇందులో ఆగిపోయింది. దీన్ని బయటివాళ్ళకి ఇవ్వకూడదు, ఇచ్చానని తెలిస్తే నాకు చీవాట్లు తప్పవు.

కాబట్టి అక్కా, చెవిన వేసుకో. పాత వెర్షన్ తీసేయకు, దాని పక్కనే దీన్ని పెట్టుకో. అసలు ఫైళ్ళు దీంతో తెరవకు, నకలు తీసి నకలు మీదే ప్రయత్నించు. ఒక పది పేజీలు చేసి, ఎలా ఉందో నాకు రాయి. పుస్తకం మాత్రం దీంతో చేయకు. అసలు వెర్షన్ డిసెంబరులో వస్తుంది.

తమ్ముడు.


చుక్కల గది,
ఆగస్టు 24.

తమ్ముడూ,

నీ నోట్లో చక్కెర పొయ్యా! కూలబడలేదురా. ఒక్కసారి కూడా కూలబడలేదు. మొదటి రోజు పట్టిక రాగానే అలవాటుకొద్దీ కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే తర్వాతి పేజీలో ఉంది. పాత మిఠాయిరంగు బటన్లు తీసేసి అన్నిటికీ బూడిద రంగు వేశారెందుకు? ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. పోనీలే, కూలబడనిదాన్ని ఎన్ని మాటలంటాం.

నీ ప్రశ్నలకి జవాబులు. పట్టికల్లోనే కూలబడేది. సొంత గుర్తులు మాకెందుకుంటాయి? ఇది బడి, గూఢచారుల ఆఫీసు కాదు. లోకంలో ఉన్న గుర్తులే వాడతాం.

నువ్వు చెప్పినట్టే జాగ్రత్తగా చేస్తున్నాను. నాలుగు నుంచి ఏడు సంపుటాలు ప్రింటయి పిల్ల దగ్గరికి వెళ్ళిపోయాయి. ఎనిమిదోది సగంలో ఉంది. ప్లీడరు సంపుటం అందుకుని బరువు చూసి, "ఇంత ఆలస్యానికి ఇది కాస్త పల్చగానే ఉంది టీచర్" అంది. అది దాని భాషలో కృతజ్ఞత.

వేళ్ళ మాస్టారు కొన్నాళ్ళుగా సెలవులో ఉన్నారు. గది ప్రశాంతంగా ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త. మీ బావ నిన్ను మెచ్చుకున్నారు, కాగితం మీద పెట్టమన్నారు, పెట్టాను.

అక్క.


ఆఫీసు,
సెప్టెంబరు 6.

అక్కకి,

నాలుగు సంపుటాలా! పది పేజీలు అన్నాను. పది. నెత్తీ నోరూ కొట్టుకుని పుస్తకం చేయకు అని రాశాను. "నువ్వు చెప్పినట్టే" అని ఏ మొహంతో రాశావు?

పోనీ, అయిందేదో అయింది. మాస్టారు సెలవులో ఉంటే ఆ పేజీలు ఎవరు చదివారు? దీనికి మాత్రం జవాబు కావాలి. ఈ వెర్షన్‌లో మాకే తెలియని లోపాలుంటాయి, అవి ఉన్నాయని ఒప్పుకోవడానికే దానికి బీటా అని పేరు. ఏదైనా తేడాగా కనిపిస్తే, ఎంత చిన్నదైనా, వెంటనే రాయి.

ఇంకొకటి. ముందే చెప్పవలసింది, మరిచిపోయాను, నాదే తప్పు. ఈ వెర్షన్‌కి గడువుంది. నవంబరు పదో తారీకు తర్వాత తెరుచుకోదు. దాంతో దాచిన ఫైళ్ళు పాత వెర్షన్‌లో తెరుచుకోవు. నకళ్ళ మీద చేశావు కాబట్టి నీకు ఇబ్బంది లేదు. నకళ్ళ మీదే చేశావు కదూ?

తమ్ముడు.


చుక్కల గది,
అక్టోబరు 27.

తమ్ముడికి,

నెలన్నర జవాబు రాయలేదంటే కోపం వచ్చి రాయలేదు. ఇంకా తగ్గలేదు.

గడువు సంగతి మరిచిపోయావా? పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టడం గుర్తుంది, మీ కంపెనీ చీవాట్లు గుర్తున్నాయి, నా పుస్తకం నవంబరు పదిన తాళం పడుతుందన్నది మాత్రం గుర్తు లేదు! నకళ్ళు తీయలేదు. తీరిక లేదు. బాగా పని చేస్తున్నదానికి నకలెందుకు అనుకున్నాను. ఇప్పుడు అసలు ఫైళ్ళన్నీ నీ బీటాగారి గుప్పిట్లో ఉన్నాయి. ఆయన పోతే వాటినీ వెంట తీసుకుపోతాడు. అందుకే పదకొండు సంపుటాలూ పరుగు మీద ముగించి ప్రింటు తీసేశాను. కాగితానికి గడువు లేదు కదా.

దీనికి తోడు ప్లీడరు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరు. నాలుగో సంపుటం నుంచి దానికి ఒక్క లెక్కా కుదరడం లేదు. చివర ఇచ్చిన జవాబులకీ దాని జవాబులకీ పొంతన లేదు. పుస్తకమే తప్పు అంటుంది. లెక్కల టీచరుని అడిగితే, "గుర్తులు మింగేస్తోంది, మైనస్ అన్నది దాని బుర్రలోకి ఎక్కడం లేదు" అన్నారు. చలిదేశపు ఉష్ణోగ్రతల పట్టిక ఉంది, మైనస్ మూడు, మైనస్ ఏడు, అలా. ఇది అన్నిటినీ మూడు, ఏడు అని వేసుకుని సగటు కడుతుంది. మేడ మెట్లెక్కి వచ్చి నా బల్ల పక్కన నిలబడి, "లేని గుర్తు ఎక్కణ్ణించి తేను టీచర్?" అంది. నేను తెర మీద ఆ పేజీ తెరిచి చదివి వినిపించాను. మైనస్ మూడు, మైనస్ ఏడు, అన్నీ ఉన్నాయి. పుస్తకం నేను చేశాను, పుస్తకం తప్పు కాదు, నీ ధ్యాసే తప్పు అన్నాను. ఏం వాదించలేదు. అది వాదించకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు లెక్కలు వద్దు, సంగీతం తీసుకుంటాను అంటోంది. తీసుకోనీ. ఇంత చాకిరీ చేసి పెడితే చివరికి ఇదీ ఫలితం. నాకు విసుగొచ్చేసింది తమ్ముడూ.

ఆ ఉష్ణోగ్రతల పేజీ ఒకటి ఎక్కువ ప్రింటయింది, దీంతో పెడుతున్నాను. నీ బీటా ఎంత అందంగా చేసిందో చూసి మురిసిపో.

అక్క.


ఇంటి నుంచి,
నవంబరు 5.

అక్కా,

మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ కట్ చేశావు. కోపం తర్వాత పడు, ఇది వెంటనే చదువు. కొరియర్లో పంపుతున్నాను.

నువ్వు పంపిన పేజీ ఆదివారం పొద్దున్నంతా ముందు పెట్టుకుని కూర్చున్నాను. బ్రెయిల్ ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణే గానీ నాకు చుక్కలు చదవడం రాదు. అక్షరాల పటం పక్కన పెట్టుకుని ఒక్కో గడీ పోల్చి చూశాను. ఆ పట్టికలో ఎక్కడా మైనస్ లేదక్కా. మూడు అనే ఉంది. ఏడు అనే ఉంది. నీ తెర మీద ఉన్నది కాగితం మీద లేదు.

ఆ పిల్ల మింగలేదు. మా ప్రోగ్రామ్ మింగింది.

మైనస్‌కి నువ్వు ఏ చుక్కలు వాడతావు? కాగితం మీద గీసి పంపు. ఆ పిల్లని ఫారం ఇవ్వనివ్వకు.

తమ్ముడు.


చుక్కల గది,
నవంబరు 9.

తమ్ముడికి,

నీ కొరియర్ నిన్న మధ్యాహ్నం అందింది. పిల్ల సంగీతం ఫారం నిన్న పొద్దున ఇచ్చేసింది.

వరుసగా చెబుతాను, నన్ను ఆపకు. మాస్టారు సెలవులో ఉన్నారని రాశాను కదా. ఎందుకో రాయలేదు. జూలై చివర్లో వేడినీళ్ళ గిన్నె ఒలికి ఆయన కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ కాలాయి. కట్లు కట్టారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన వేళ్ళు తగలకుండా పేజీలు ఈ గది దాటాయి. ఒకటి కాదు, ఎనిమిది సంపుటాలు. ఎవరు చదివారు అని నువ్వు అడిగావు. ఎవరూ చదవలేదు. నేను కళ్ళతో చుక్కలు చదవగలను, కానీ చదవలేదు. నాలుగో సంపుటాన్ని పైపైన తిరగేశాను, కూలబడటం లేదు కదా అని వదిలేశాను. ఆ పిల్ల వచ్చి అడిగినప్పుడు కూడా తెర చూశానే గానీ దాని చేతిలో ఉన్న కాగితం ఒకసారి ఇటివ్వు అనలేదు. దాని చేతిలోనే ఉందిరా ఆ కాగితం!

నీ ఉత్తరం పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. కట్లు విప్పి వారమయింది, కొత్త చర్మం ఇంకా మంటగానే ఉందట. పేజీ మీద వేళ్ళు పెట్టి, పై నుంచి కింద దాకా ఒకసారి జరిపి, "మన మైనస్ ఏదమ్మా?" అన్నారు. నిమిషం కూడా పట్టలేదు.

మన మైనస్. నువ్వు జూలైలో అడిగావు, సొంత గుర్తులున్నాయా అని. లేవని ఎగతాళి చేశాను. మా మొదటి చుక్కల ప్రింటరుకి ఒక సూది విరిగి ఉండేది. అందరూ వాడే మైనస్ గుర్తు దాంట్లో సరిగ్గా పడేది కాదు. అప్పుడు మాస్టారూ నేనూ కూర్చుని ఆ సూది అక్కర్లేని వేరే చుక్కలు పెట్టుకున్నాం. ప్రింటరు పోయి పదిహేనేళ్ళయింది. గుర్తు మిగిలిపోయింది. మా బడి పిల్లలందరూ అదే మైనస్ అని నేర్చుకున్నారు. అది మా సొంతమని నాకు తట్టనే లేదు. నాకు అదే మైనస్, టైపు చేసేటప్పుడూ ఆ చుక్కలే కొడతాను; వాక్యాల్లో పాతది వాటిని అలాగే పొడిచేది, పట్టికల్లోనే కూలబడేది. కింద గీశాను, చూడు.

ఇప్పుడు నీ వంతు. మాస్టారు అడగమన్న ప్రశ్న ఇది, నాది కాదు. ఆ గుర్తు తెలియకపోతే పాతది కూలబడింది. కూలబడి, నాకు తెలియదు అని మొహం మీద చెప్పింది. దాన్ని నేను నానా మాటలూ అన్నాను. ఈ కొత్తది తెలియని గుర్తు కనిపిస్తే నోరు మూసుకుని దాటేసి, అంతా బాగుందన్నట్టు కూర్చుంది. మూడు నెలలు మా పిల్ల చేత తప్పులు చేయించింది. కూలబడటం ఆగిపోయింది అని రాశావే, ఇదా ఆపడం? ఎవడు రాశాడురా ఆ దాటేయమన్న ముక్క? వాడి పేరు చెప్పు.

అక్క.


ఆఫీసు,
నవంబరు 12.

అక్కకి,

ఆ ముక్క రాసింది నేనే.

నీ జూలై ఉత్తరం అందిన రోజు మా దగ్గర పట్టికల్లో కూలబడుతోందన్న ఫిర్యాదులు నలభై ఉన్నాయి. కారణం వెతకడానికి వారం పట్టేది. మా పెద్దాయన, విడుదల దగ్గర పడుతోంది, కూలబడటం మాత్రం ఆగాలి అన్నాడు. నేను ఒక్క లైను రాశాను. తెలియని గుర్తు వస్తే కూలబడకు, వదిలేసి ముందుకు వెళ్ళు. పది నిమిషాల పని. నలభై ఫిర్యాదులూ ఆ సాయంత్రమే మూతపడ్డాయి. అందరూ నా వీపు తట్టారు. అదే రోజు నీకు కవరు అంటించాను. గుర్తులు వదిలేస్తుందని నాకు తెలుసు. ఎప్పుడో ఒకటీ అరా పోతుందిలే అనుకున్నాను. నీకు ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, "కూలబడదు గానీ కొన్ని గుర్తులు పోవచ్చు, కాగితం చూసుకో" అని. రాయలేదు. నువ్వు సంతోషిస్తావని అనుకుంటూ కూర్చున్నాను. నువ్వు ఆగస్టులో రాసిన ఉత్తరం సొరుగులో పెట్టుకుని నెల రోజులు చదువుకున్నాను, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

నిన్న మా పెద్దాయనకి అంతా చెప్పాను, పెన్‌డ్రైవ్ సంగతితో సహా. చీవాట్లు పడ్డాయి, అనుకున్నవాటికంటే పెద్దవే. విడుదల పని నుంచి నన్ను తప్పించారు. ఆ లైను తీసేశారు. దాంతో పట్టికలు మళ్ళీ కూలబడుతున్నాయి, నలభై ఫిర్యాదులూ మళ్ళీ తెరుచుకున్నాయి. వాటి వెనక ఎన్ని బళ్ళు ఉన్నాయో, ఎన్ని సొంత మైనస్‌లు ఉన్నాయో ఇప్పుడు ఒక్కొక్కటే వెతుకుతున్నాం.

నీ గుర్తు కొత్తదానికి నేర్పించాను. ఇదీ బీటాయే, కానీ ఈసారి దాటేయదు. కావాలంటే పెద్దాయన అనుమతితోనే పంపుతాను. నువ్వు అనే మాటలన్నీ అను, పడతాను. ఆ పిల్ల ఏమందో మాత్రం రాయి. పదిహేను లోపల ఏమీ చేయలేమా?

తమ్ముడు.


చుక్కల గది,
నవంబరు 18.

తమ్ముడికి,

నిన్ను ఏమీ అనను. అనవలసినవి నాకూ ఉన్నాయి, ఇద్దరికీ పంచితే ఎవరికీ మిగలవు.

బీటా పదో తారీకుతో చెప్పినట్టే మూతపడింది. ఎనిమిది సంపుటాల ఫైళ్ళు తెరుచుకోవు. పిల్ల దగ్గరున్న ఎనిమిదీ వెనక్కి తెప్పించాను. హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను. ఆవిడ, ఫారాల కట్ట ఇంకా కట్టలేదు, కానీ ఆ పిల్ల తనంతట తాను వచ్చి అడిగితేనే తీసిస్తాను, ఇప్పటికే దాని తరఫున మీరు చాలా నిర్ణయించారు అన్నారు. తలవంచుకుని వచ్చాను.

పద్నాలుగున పిల్లని పిలిచాను. మాస్టారు కూడా వచ్చారు. నువ్వు చేసినవి తప్పులు కావు, పుస్తకం తప్పు, పుస్తకం చేసింది నేను, నువ్వు అడిగినప్పుడు నీ మాట వినలేదు, నన్ను క్షమించు అన్నాను. అనగానే మీ ప్రోగ్రామ్ పెట్టె గుర్తొచ్చి నా గొంతు నాకే రోతగా వినిపించింది. పిల్ల వెళ్ళి తన లెక్కల కాగితాలన్నీ తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. "ఎన్ని పుస్తకంవో, ఎన్ని నావో తేల్చండి" అంది.

కూర్చున్నాం. నేను అచ్చు పుస్తకం చూసి అంకెలు చదువుతుంటే మాస్టారు దాని కాగితం మీద ఆ మంట వేళ్ళతోనే చదివారు. తప్పన్నవి మొత్తం నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది పుస్తకానివి. మాస్టారు కాస్త మెత్తబడి, మిగతా మూడూ కూడా పుస్తకం వల్లే కంగారు పడి చేసి ఉంటావులే అన్నారు. "కాదు మాస్టారూ, ఆ మూడూ నావే. వాటిని దాని నెత్తిన రుద్దకండి" అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దానికి కనబడదు గనక సరిపోయింది అనుకున్నాను. "ముక్కు చీదుకోండి టీచర్, నేను వెళ్ళి ఫారం అడిగి తెచ్చుకుంటాను" అంది.

తెచ్చుకుంది. పదిహేనున లెక్కల ఫారం వెళ్ళింది.

ఇక పుస్తకం. నాలుగో సంపుటం మొదటి పేజీ నుంచి పాతదాంతో మళ్ళీ టైపు చేస్తున్నాను, అది కూలబడ్డ చోట చుక్కలు చేత్తో పొడుస్తున్నాను. పరీక్షకి నాలుగు నెలలుంది, నిజం చెప్పాలంటే చాలదు. మా తమ్ముడు ఇంకో కొత్తది పంపుతానంటున్నాడు, దానికి మన గుర్తు కూడా నేర్పించాడట, కూలబడదట, దాంతో అయితే సగం రోజుల్లో అయిపోతుంది, ఏమంటావు అని ప్లీడరునే అడిగాను. దాని తరఫున నిర్ణయించడం మానేశాను కదా.



"వద్దు టీచర్," అంది, "పాతదాంతోనే చెయ్యండి. అది కూలబడితే మీరు ఆగి చూస్తారు."

అక్క.